దువ్వెనతో మొదలుపెట్టి ఎర్తు గుంత దాకా...

మా యాడికిలో శివరాత్రి దాటిందంటే గాలిలో తేమ తగ్గిపోతుంది. ఆ రోజుల్లో చీకట్లో నైలాన్ చీర మడతపెట్టి చూడండి, చిటపటమంటూ సన్నని మెరుపులు కనిపిస్తాయి. "అమ్మా, నీ చీరలోకి కరెంటెట్లా వచ్చింది?" అని అడిగింది మా చిన్నది. ఇంటర్‌లో చదివింది గుర్తు తెచ్చుకుని వంటింట్లోనే చూపించాను. మీరూ మీ పిల్లలకు చూపించండి.

నూనె రాయని పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో పదిహేనుసార్లు దువ్వి, చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు ఎగిరి అంటుకుంటాయి. జుట్టులోని ఎలక్ట్రాన్లు కొన్ని దువ్వెనకు చేరతాయి. అందువల్ల దువ్వెనకు ఋణావేశం, జుట్టుకు ధనావేశం వస్తాయి. తేమ ఉంటే ఆవేశం నిలవదు. కాబట్టి వానాకాలంలో ఈ ప్రయోగం సరిగా కుదరదు. వానలేని సీమ మాకు ఈ ఒక్క విషయంలోనే కలిసొచ్చిందనుకోండి!

ఇక రెండోది. 1.5 వోల్టుల టార్చి సెల్లు ఒకటి, లోపల తీగ ఉండే పాతరకం టార్చి బల్బు, రెండు వైరు ముక్కలు తీసుకోండి. సెల్లు అడుగు నుంచి ఒక వైరు బల్బు పక్కనున్న లోహపు అంచుకు, సెల్లు తల నుంచి ఇంకొకటి బల్బు కింది బొడిపెకు తగిలించండి. వలయం పూర్తయితేనే బల్బు వెలుగుతుంది. ఒక వైరును మధ్యలో తెంపి, చివర్లు ఒలిచి, ఆ సందులో స్టీలు స్పూను, తాళంచెవి పెడితే వెలుగుతుంది. గాజు, పుల్ల పెడితే వెలగదు.

మా చిన్నది తడివేలు పెట్టింది. బల్బు వెలగలేదు. "చూడమ్మా, తడిచేతికి కరెంటు రాదు!" అంది. నా గుండె గుభేలుమంది. 1.5 వోల్టుల తోపుడు చాలక వెలగలేదే గానీ, గోడలో ఉన్నది 230 వోల్టులు. అది తడిచేతిలోంచి పారితే ప్రాణమే పోవచ్చు. ప్రయోగాలు సెల్లుతోనే చేయాలి, ప్లగ్గు దగ్గరకు పోనేకూడదు అని అప్పుడే గట్టిగా చెప్పాను.

పోయిన ఎండాకాలం మా గ్రైండరు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే, గ్రైండరు లోపల వైరు తొడుగు చెడిపోయింది. పెరట్లో ఎర్తు గుంత చూస్తే బీటలిచ్చి ఎండిపోయి ఉంది. బయటికి కారిన కరెంటును నేలలోకి పంపేదే ఎర్తు. ఎండిన మట్టిలో కరెంటు సరిగా పారదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా అనంతపురం వైపు ఈ సంగతి మరిచిపోకూడదు.

గ్రైండరు బాగుచేయించాం. 30 మిల్లీ ఆంపియర్లు కారితే చాలు, కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాం. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుదే, దాన్ని విరిచేయకండి.

నీళ్లకు ఎంత కటకటగా ఉన్నా, ఎండాకాలంలో వారానికి రెండు బిందెలు ఎర్తు గుంతలో పోస్తున్నాను. తులసమ్మ పక్కనే ఉంది గనుక మరిచిపోయే పనేలేదు!