పొద్దుగుంకేలోగా దించుకోవలసిన బరువు

మనిషిని లోపలి నుంచి ఓడించే శత్రువులు ఆరని మన పెద్దలు లెక్కగట్టారు. ఆ అరిషడ్వర్గంలో కామం తరువాతి స్థానం క్రోధానిదే. సుమతీ శతకకారుడు సైతం మనిషి కోపాన్ని అతని సొంత పగవాడిగానే చూశాడు. కతోలిక శ్రీసభ బోధించే ఏడు మూలపాపాలలోనూ క్రోధం ఉంది. వేర్వేరు మార్గాలలో నడిచిన జ్ఞానులందరూ ఒకే చోట హెచ్చరిక పలక నాటారంటే, అక్కడ లోయ ఉన్నదనే అర్థం.

అయితే కోపం వద్దని చెప్పినంత మాత్రాన కోపం పోదు. పైగా, న్యాయమైన కోపం మాటేమిటి? హైదరాబాద్‌లో ఈ ప్రశ్న సూటిగా ఎదురయ్యే పేట అశోక్‌నగర్. శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు నిండిన ఆ వీధుల్లోనూ, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలోనూ వేలాది యువతీయువకులు సర్కారు కొలువుల కోసం ఏళ్ల తరబడి చదువుతుంటారు. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రకటన వచ్చేసరికి దాదాపు రెండేళ్లు గడిచిపోయాయి. అప్పు చేసి నెలనెలా డబ్బు పంపే తండ్రికి ఫోనులో ఏమని చెప్పాలో తోచని బిడ్డ గుండెలో రగిలే మంటను ఎవరు తప్పుపట్టగలరు?

కోపమంతా పాపం కాదు

విశ్వాసం కూడా దానిని తప్పుపట్టదు. వివేకానికి లోబడి, అన్యాయంపై కలిగే కోపం మెచ్చదగినదేనని 13వ శతాబ్దపు వేదాంతి పునీత తోమస్ అక్వినాస్ వివరించాడు. కోపించవలసిన చోట కోపించకపోవడం కూడా లోపమేనన్నాడు. దేవుని ఆలయాన్ని సంతగా మార్చిన వర్తకులను యేసుక్రీస్తు స్వయంగా వెళ్లగొట్టిన సంగతి సువార్తలు చెబుతున్నాయి.

కోపం పాపంగా మారేది ఎదుటివారికి కీడు తలపెట్టినప్పుడు. అది మొదట పుట్టిన చోటే నిలిచి ఉండదు. వ్యవస్థ మీద రగిలిన ఆగ్రహం గదిలో తోడున్న మిత్రుని మీదికి మళ్లుతుంది. పండుగకు రమ్మన్న తల్లి మీద విసుగవుతుంది. చివరకు అద్దంలో కనిపించే ముఖం మీదనే ద్వేషమై కూర్చుంటుంది. న్యాయం కోసం అడిగే గొంతును విశ్వాసి మూసుకోనవసరం లేదు. అతడు విడిచిపెట్టవలసినది ప్రతీకార వాంఛను, తనను తాను శిక్షించుకునే అలవాటును.

ఇందుకు ప్రభువు చూపిన మార్గం ఆచరణతో కూడినది. బలిపీఠం వద్దకు కానుక తెచ్చినవానికి, తన సోదరుని మనసులో తనపై నొప్పి ఉన్నదని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే ఉంచి ముందు వెళ్లి సఖ్యపడమన్నాడు. ఇక్కడ నొచ్చుకున్నది సోదరుడు. కదలవలసినది మాత్రం కానుక తెచ్చినవాడు. తప్పెవరిదన్న లెక్క తేలేదాకా ఆగమని ప్రభువు అనలేదు.

దివ్యబలిపూజ ఆ క్రమాన్నే అనుసరిస్తుంది. నారాయణగూడకు చేరువలో, గన్‌ఫౌండ్రీలో ఉన్న సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌లోనైనా, మారుమూల పల్లెలోని చిన్న గుడిలోనైనా పూజ మొదలయ్యేది సొంత పాపాల ఒప్పుకోలుతోనే. తాము ఇతరులను క్షమించిన తీరునే తమనూ క్షమించమని పరలోక జపంలో వేడుకుంటారు. దివ్యసత్ప్రసాదం స్వీకరించే ముందు పక్కనున్నవారికి శాంతి పలుకుతారు. మన దేశంలో చేతులు జోడించి నమస్కరించడమే ఆ శాంతి సూచకం. ఆస్తి తగాదాతో మాటలు మానేసిన అన్న అదే వరుసలో కూర్చుని ఉంటే, ఆ నమస్కారం అతని దాకా కూడా చేరవలసి ఉంటుంది.

ముక్కోపి సాధువైన వైనం

ఇది మహాత్ములకే సాధ్యమని తోచవచ్చు. పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ జీవితం ఆ సందేహాన్ని తీరుస్తుంది. నేడు ఫ్రాన్సులో ఉన్న సవాయ్ ప్రాంతంలో 1567లో జన్మించిన ఆయన 1602లో జెనీవా పీఠాధిపతి అయ్యాడు. శ్రీసభ ఆయనను సాత్వికతకు ఆదర్శంగా కీర్తిస్తుంది. కానీ స్వభావరీత్యా ఆయన ముక్కోపి. కోపాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి ఆయనకు ఇరవై ఏళ్లకు పైగా పట్టిందని జీవిత చరిత్రకారులు చెబుతారు.

గృహస్థుల కోసం ఆయన రాసిన భక్తిజీవన గ్రంథంలో కోపాన్ని గురించి మూడు హితవులు కనిపిస్తాయి. ఒకటి, కోపానికి ఎంత న్యాయమైన కారణం ఉన్నా సరే, దానిని గడప దాటి లోపలికి రానివ్వకూడదు. లోపలికి వచ్చాక వెళ్లగొట్టడం కష్టం. రెండు, ఎవరిపైనైనా కోప్పడితే, గాయం పచ్చిగా ఉండగానే అదే మనిషితో మృదువుగా మెలిగి దానిని మాన్పాలి. మూడు, కోపం వచ్చినందుకు మన మీద మనమే మండిపడకూడదు. తడబడిన హృదయాన్ని కసరకుండా, జాలితో లేవనెత్తి నడిపించుకోవాలి. ఓటమి నిందనంతా తమపైనే వేసుకునే యువతకు ఈ మూడవ హితవు ఎంతో అవసరం. మనసు మరీ కుంగినప్పుడు ఆ మాటను మిత్రునితోనో, గురువుతోనో, వైద్యునితోనో పంచుకోవడం కూడా ఆ జాలిలో భాగమే.

ఈ పునీతుడు తెలుగు నేలకు పరాయివాడు కాడు. ఆయన పేరిట 1838లో ఫ్రాన్సులోని ఆన్సీలో ఏర్పడిన గురువుల సభ 1846లోనే విశాఖపట్నం చేరి ఇక్కడ సేవ ఆరంభించింది.

హంతకుని చేతికి రాఖీ

క్షమ, న్యాయం ఒకదానికొకటి అడ్డు రావని మన దేశంలోనే ఒక కుటుంబం చాటింది. కేరళలో పుట్టిన సిస్టర్ రాణీ మరియ మధ్యప్రదేశ్‌లో పేద రైతులను, గిరిజనులను అప్పుల ఊబి నుంచి బయటపడేందుకు సంఘటితం చేసింది. స్థానిక పెత్తందారులకు అది కంటగింపైంది. 1995 ఫిబ్రవరి 25న ఇందోర్‌కు బస్సులో వెళుతుండగా ఆమెను కత్తితో పొడిచి చంపారు. ఆమె శరీరంపై యాభైకి పైగా గాయాలున్నాయి.

హంతకునికి న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. 2002లో రాణీ మరియ చెల్లెలు, ఆమె కూడా మఠకన్యే అయిన సిస్టర్ సెల్మీ పాల్, చెరసాలకు వెళ్లి అతని చేతికి రాఖీ కట్టింది. తరువాత వారి తల్లి, బిడ్డ ప్రాణం తీసిన ఆ చేతులనే ముద్దాడింది. అతని విడుదలను కోరుతూ ఆ కుటుంబమే సంతకాలు చేసింది. 2006లో అతడు బయటకు వచ్చాడు. 2017 నవంబరు 4న ఇందోర్‌లో రాణీ మరియను ధన్యురాలిగా ప్రకటించిన వేడుకకు అతడు కూడా హాజరయ్యాడు. నేరం నేరంగానే విచారణకు వచ్చింది, శిక్ష శిక్షగానే అమలైంది. పగను మాత్రం ఆ ఇంటివారు తమ గుమ్మంలో ఉండనివ్వలేదు.

క్షమించడమంటే హింసించేవారి చేతికి మళ్లీ చిక్కడం కాదు. దూరంగా ఉండవలసిన చోట దూరంగా ఉంటూనే వారి మేలు కోరవచ్చు. అది ఒక్కరోజులో వచ్చే భావన కూడా కాదు. పొద్దుగుంకేలోగా కోపాన్ని దించుకోవాలని పౌలు అపొస్తలుడు గడువు పెట్టింది అందుకే. రాత్రి నిద్రకు ముందు కాసేపు ఆత్మపరిశోధన చేసుకోవాలి. ఎవరిని నొప్పించామో, ఎవరి వల్ల నొచ్చుకున్నామో దేవుని ఎదుట పేర్లతో చెప్పుకోవాలి. ఆ ఇద్దరి కోసమూ ఒక ప్రార్థన చేయాలి. భారం దిగకపోతే పాపసంకీర్తనంలో గురువు వద్ద విప్పుకోవాలి. మరునాడు కోపం తిరిగివస్తే, తిరిగి మొదలుపెట్టాలి.

నారాయణగూడలోని క్రైస్తవ శ్మశానవాటికలో ఏటా నవంబరు 2న సమాధులపై పూలు, కొవ్వొత్తులు కనిపిస్తాయి. మృతుల కోసం ప్రార్థించడం కతోలికుల ఆచారం. బతికి ఉన్నప్పుడు తండ్రితో చెప్పలేకపోయిన మాటను ఆ వెలుగులో ప్రార్థనగా చెప్పుకునేవారికి అది ఓదార్పే. కానీ ఎవరి తండ్రి ఇంకా ఫోనుకు అందుతున్నాడో, ఎవరి అన్న ఇంకా అదే వీధిలో ఉంటున్నాడో, వారు నవంబరు దాకా ఆగనవసరం లేదు. ఈ ఆదివారం పొద్దుగుంకడానికి ఇంకా వ్యవధి ఉంది.