బైపీసీ తర్వాత మైక్రోబయాలజీ: కాలేజీని వెదకడం ఎలా?

"అన్నా, మెడిసిన్ సీటు రాకపోతే ఏం చదవాలి?" అని బైపీసీ చదివే మన హాస్టల్ తమ్ముళ్లు తరచుగా అడుగుతుంటారు. నర్సింగ్, అగ్రికల్చర్ గురించి అందరూ చెప్తారు. బి.ఎస్సీ. మైక్రోబయాలజీ గురించి చెప్పేవాళ్లు తక్కువ. కంటికి కనిపించని జీవుల గురించి చదివే శాస్త్రమిది. మన ప్రాంతానికి దీనితో పనేమిటి అనుకోకండి.

2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ కాండాలు కుళ్లి, మొక్కలు నిలువునా చచ్చాయి. 2 లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. టొబాకో స్ట్రీక్ అనే వైరస్ దీనికి కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. ఈ వైరస్ బీళ్లలో పెరిగే వయ్యారిభామ మొక్కల్లో ఉంటుంది. ఆ పూల పుప్పొడి తామర పురుగుల ద్వారా వేరుశనగ ఆకుల మీదికి చేరి, పురుగులు గీకిన చోట వైరస్ లోపలికి పోతుంది. గట్టు మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యమని చెప్పడం వెనక ఇంత చదువుంది! పంట చివర్లో బెట్ట తగిలితే కాయల్లో పెరిగే బూజు, దానివల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా ఈ సబ్జెక్టులోకే వస్తాయి.

ఇక కాలేజీ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పూర్వం డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపులుండేవి. మైక్రోబయాలజీ, బాటనీ, కెమిస్ట్రీ కలిపి చదివేవాళ్లు. 2023-24లో ఒకే మేజర్, దానికి తోడు ఒక మైనర్ పద్ధతి వచ్చింది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి సీనియర్ల మాట మీద ఆధారపడక, మీరు చేరే ఏటి నోటిఫికేషన్ చదవండి. ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఏ కాలేజీలో ఏ మేజర్ ఉందో వెబ్ ఆప్షన్ల దగ్గర కనిపిస్తుంది. మొదట మన రాయదుర్గం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో విచారించండి. తర్వాత అనంతపురంలో 1916లో మొదలైన ప్రభుత్వ కళాశాల (మనమంతా ఆర్ట్స్ కాలేజీ అంటాం), ఎస్.ఎస్.బి.ఎన్. కాలేజీ, ఆడపిల్లలకైతే కె.ఎస్.ఎన్. మహిళా కళాశాల చూడండి.

జాబితాలో పేరుంటే చాలదు. చేరేవాళ్లు తగినంత మంది లేకపోతే ఆ ఏడు ఆ మేజర్ నడపకపోవచ్చు. అందుకే ఒకరోజు బస్సెక్కి వెళ్లి, ఫైనలియర్ వాళ్లెంతమంది ఉన్నారో అడగండి. ల్యాబు చూపించమనండి. ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, ఆయిల్ ఇమ్మర్షన్ మైక్రోస్కోపు కనబడాలి. ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదే. 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలుంచి క్రిములను చంపుతుంది. దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ ప్రాక్టికల్స్ ఎలా జరుగుతున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

మనబోటి వాళ్లకు అంతకంటే పెద్ద విషయం డబ్బు. మేనేజ్‌మెంట్ కోటాలో గాని, స్పాట్ అడ్మిషన్‌లో గాని చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "ముందు చేరు, తర్వాత చూద్దాం" అనే మాట నమ్మకండి. కాలేజీ హాస్టల్ సీటు కోసం వార్డెన్ సార్‌ను ముందే కలిసి, కుల, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి. అనంతపురం కంటే బళ్లారి మనకు దగ్గరే. కానీ అది వేరే రాష్ట్రం. మన స్కాలర్‌షిప్ అక్కడ వర్తిస్తుందో లేదో సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగకుండా అడుగు వెయ్యకండి.

ఇంకొక తికమక ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు సాధారణంగా డి.ఎం.ఎల్.టి. లేదా బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. అడుగుతారు. ఆ ఉద్యోగమే కావాలనుకునేవాళ్లు ఆ కోర్సులోనే చేరండి. మైక్రోబయాలజీ డిగ్రీతో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అర్హత ఉంది, మందుల కంపెనీల్లో, పాల డెయిరీల్లో నాణ్యత పరీక్షల పనులున్నాయి. పైచదువుకు దూరం పోనక్కరలేదు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే మైక్రోబయాలజీ విభాగం ఉంది. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. డిగ్రీలో ఈ మేజర్ దొరక్క బాటనీయో, బయోటెక్నాలజీయో తీసుకున్నవాళ్లు కూడా ఆ పరీక్ష నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకోండి.