గది వెచ్చదనమునకు వెల ఎంత?

ధనుర్మాసపు వేకువలలో లంబసింగి, అరకు, ఆదిలాబాదు ప్రాంతములయందు చలి ఎముకలు కొరుకును. అట్టి వేళ పసిబిడ్డలో వృద్ధులో ఉన్న ఇంట హీటరు విలాసవస్తువు కాదు. అయినను రాబోవు బిల్లునకు వెఱచి దానిని మూలనుంచువారు కొందఱు. తెల్లవార్లు నడిపి, పిదప బిల్లు చూచి నివ్వెఱపోవువారు కొందఱు. ఇరువురకును కావలసినది చిన్న గుణకారము.

హీటరునకు అంటించిన చీటీపై వాట్ల సంఖ్య ఉండును. 1000 వాట్ల సాధనము ఒక గంట పనిచేసినచో ఖర్చగు విద్యుత్తే ఒక యూనిట్. కావున వాట్లను గంటలచే గుణించి 1000చే భాగించినచో యూనిట్లు తేలును. 2000 వాట్ల హీటరు రాత్రికి 4 గంటలు నడిచినచో 8 యూనిట్లు. 30 దినములకు 240. యూనిట్ ధర 8 రూపాయలనుకొన్నచో దినమునకు 64, నెలకు 1,920 రూపాయలు. 10 వాట్ల రేడియో 200 గంటలు పలికినచో పట్టు విద్యుత్తును ఈ హీటరు ఒక్క గంటలో తీసికొనును.

ఈ 8 రూపాయలు ఊహ మాత్రమే. మీ ధర మీ బిల్లులో చూచుకొనవలెను. ఇండ్ల వాడుక పెరిగిన కొలది యూనిట్ ధర మెట్లు మెట్లుగా పెరుగును. హీటరు వాడుక మామూలు వాడుకపై చేరునది గనుక దానికి సగటు ధర కాక, పై మెట్టు ధర వేసికొనుట న్యాయము.

థర్మోస్టాటు గల హీటరు గది వెచ్చబడినంతనే ఆగి, చల్లబడినపుడు మరల పనిచేయును. కావున పై లెక్క గరిష్ఠ పరిమితి. నిజమైన ఖర్చునకు మీటరే సాక్షి. తక్కిన సాధనములన్నియు ఆపి, హీటరు ఒక గంట నడిపి, ముందు వెనుకల అంకెలు చూడుడు. మీటరు ముఖముపై యూనిట్‌కు 3200 అని ఉన్నచో, దాని చిన్న దీపము 3200 సారులు మినుకుమన్నపుడు ఒక యూనిట్ ఖర్చయినట్లు.

నూనె నింపిన హీటరు చవకయనియు, ఫాను హీటరు ఖరీదనియు కొందఱందురు. వాట్లు, గంటలు సమానమైనచో రెండును ఇచ్చు వేడిమి సమానమే, ఖర్చును సమానమే. ఆదా యంతయు తలుపు సందులు మూయుటలోను, చిన్న గదిని ఎన్నుకొనుటలోను, గంటలు తగ్గించుటలోను ఉన్నది.

2000 వాట్ల హీటరు సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును లాగును. దానిని 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గునకు తగిలింపరాదు. 16 ఆంపియర్లది వాడవలెను.

చివరి మాట ముఖ్యమైనది. బిల్లు భయమున మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి నిద్రించుట ప్రాణాంతకము. అందుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. పడుకొనుటకు ముందు ఒక గంట హీటరు నడిపి ఆపినచో, పై ధరన అగునది 16 రూపాయలు. ఈ లెక్క తెలిసిన ఇంట కుంపటి పడకగది గడప దాటనక్కరలేదు.