షెవ్రొలే స్మాల్ బ్లాక్: తరాలు కలిసిన ఇంజన్

1953లో షెవ్రొలే కంపెనీ కార్వెట్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చినప్పుడు దాని బానెట్ కింద ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజన్. రూపం అదిరింది కానీ పరుగు అంతంత మాత్రమే. ఆ లోటు తీర్చింది 1955 నాటి వి-8. షెవ్రొలే ఇంజనీరు ఎడ్ కోల్ బృందం తయారుచేసిన ఈ 265 ఘనపుటంగుళాల స్మాల్ బ్లాక్ ఇంజన్ (సుమారు 4.3 లీటర్లు) కార్వెట్‌లో 195 హార్స్‌పవర్ ఇచ్చింది.

ఈ ఇంజన్ దీర్ఘాయువు రహస్యం ఒక్క కొలతలో ఉంది. పక్కపక్క సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం 4.4 అంగుళాలు. దాన్ని మారిస్తే ఫ్యాక్టరీలో బ్లాకులు తొలిచే యంత్రాలన్నీ మార్చాలి. అందుకని దాని జోలికి పోకుండా ఒకసారి బోరు (సిలిండర్ వ్యాసం), ఇంకోసారి స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) పెంచుతూ 283, 327, 350 మీదుగా 1970 నాటికి 400 ఘనపుటంగుళాల దాకా వెళ్లారు. ఒక తరం క్రాంక్‌షాఫ్ట్ ఇంకో తరం బ్లాకులో పట్టే వీలు అలా ఏర్పడింది.

ఆ వీలును కంపెనీయే అందంగా వాడుకుంది. అప్పటి ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజన్ 5 లీటర్లు, అంటే 305 ఘనపుటంగుళాలు దాటకూడదు. 327 పెద్దదైపోయింది, 283 చిన్నదైపోయింది. 327 బ్లాకు బోరు 4 అంగుళాలు, 283 క్రాంక్ స్ట్రోకు 3 అంగుళాలు. రెండూ కలిపితే 302! 1967లో కమారో జెడ్/28కి పెట్టింది ఈ ఇంజన్‌నే. స్ట్రోకు పొట్టి కాబట్టి పిస్టన్ ప్రతి చుట్టులో తక్కువ దూరం కదులుతుంది, ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎం అందుకుంటుంది. నా దృష్టిలో స్మాల్ బ్లాక్ చరిత్రలో ఇంతకన్నా తెలివైన కలయిక లేదు.

వర్క్‌షాపుల వాళ్లు దీన్నే తిరగేశారు. 350 బ్లాకులో 400 క్రాంక్ వేశారు. బోరును 0.030 అంగుళం పెంచితే వచ్చేది 383. కానీ ఇది ఊరికే బిగిస్తే కూర్చోదు. 400 క్రాంక్ మెయిన్ జర్నల్ 2.65 అంగుళాలు, 350 బ్లాకు ఒప్పుకునేది 2.45. క్రాంక్‌ను గ్రైండింగ్ మెషిన్ మీద ఆ మేరకు అరగదీయాలి. 3.75 అంగుళాల స్ట్రోకుతో తిరిగేటప్పుడు కనెక్టింగ్ రాడ్డు బోల్టు బ్లాకు లోపలి అంచుకు తగులుతుంది, అక్కడా కాస్త చెక్కాలి. క్రాంక్‌ను చేత్తో తిప్పుతూ ఒక్కో సిలిండర్ దగ్గర ఆ రెంటి మధ్య సందు చూడాలి. అసలు చిక్కు బ్యాలెన్సింగ్‌లో ఉంది. 400 క్రాంక్‌కు సరిపడా బరువు లోపల పట్టక, కొంత బరువును ముందున్న డ్యాంపర్‌కూ వెనకున్న ఫ్లైవీల్‌కూ పంచారు. 350 ఫ్లైవీల్ తగిలిస్తే ఇంజన్ స్టార్టవుతుంది, వణుకుతుంది, చివరికి బేరింగులు పోతాయి.

హెడ్డులదీ అంతే. 400 బ్లాకులో సిలిండర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మధ్యలో నీళ్లకు దారి లేదు. అక్కడ పుట్టే ఆవిరి పైకి పోవడానికి చిన్న రంధ్రాలు పెట్టారు. వేరే ఇంజన్ హెడ్డు వేసేవాళ్లు అందులో ఆ రంధ్రాలు తొలవకపోతే ఇంజన్ వేడెక్కే ప్రమాదం ఉంది. సీలుదీ ఇదే కథ: 1986లో ఇంజన్ వెనక ఆయిల్ సీలు రెండు ముక్కల నుంచి ఒకే ముక్కకు మారింది, దాంతో క్రాంక్ వెనక భాగం, ఫ్లైవీల్ బోల్టుల వరస కూడా మారిపోయాయి.

1997 కార్వెట్‌కు కొత్త ఎల్ఎస్1 ఇంజన్ వచ్చింది. ఆ 4.4 అంగుళాల దూరాన్ని అందులోనూ ఉంచారు కానీ ఫైరింగ్ ఆర్డర్ మార్చేశారు, పాత హెడ్డులు దాని మీద కూర్చోవు.

పుట్టినప్పటి ఇంజన్ ఉన్న కార్వెట్‌కే విలువ అనే సేకరణకర్తల మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. కొలిచి, తూచి, శ్రద్ధగా కూర్చిన కలగలుపు ఇంజన్‌కూ గౌరవం దక్కాలి. దాన్ని అసలుదని చెప్పి అమ్మడమే మోసం. పాత కార్వెట్ కొనబోతుంటే బ్లాకు వెనక అంచున పోతపోసిన నంబరు, ముందు కుడి హెడ్డు దగ్గర కొట్టిన నంబరు రెండూ స్వయంగా చదవండి. ఏ భాగం ఏ ఏడాదిదో రాసివ్వని వాళ్లకు ఒరిజినల్ ధర చెల్లించకండి.