ఆటుపోట్లు లేవని నమ్మకండర్రా

ఏమర్రా పిల్లలూ, వేసవి సెలవులకి క్రీట్ వెళ్తున్నారట! గ్రీసు దీవుల్లోకెల్లా పెద్దది, ఆ కొస నుంచి ఈ కొసకి దాదాపు 260 కిలోమీటర్లు. "మధ్యధరా సముద్రానికి ఆటుపోట్లు అంతగా ఉండవు, భయమేముంది తాతయ్యా" అంటున్నారా? మొదటి మాట నిజమే. ఆ సముద్రం చుట్టూ నేలే. అట్లాంటిక్‌తో కలిపే జిబ్రాల్టర్ జలసంధి ఇరుకైన చోట 14 కిలోమీటర్లే. అందుకే చాలాచోట్ల పోటుకీ పాటుకీ తేడా జానెడో మూరెడో. కానీ అక్కడ ఈతగాణ్ణి లోపలికి లాగేది పోటు కాదర్రా, గాలి.

జూలై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరగాలి రోజుల తరబడి కొడుతుంది. ఎండ మాత్రం ఫెళ్ళున కాస్తూనే ఉంటుంది. ఆ గాలి ఏజియన్ సముద్రం మీదుగా వచ్చి ఉత్తర తీరాన అలల్ని లేపుతుంది. అలలు మోసుకొచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోవాలిగా? నీళ్ళడుగున ఇసుక మేట ఎక్కడ పల్లంగా ఉందో అక్కణ్ణుంచే పోతాయి, పొలం గట్టుకి గండి పడ్డట్టు. దారి సన్నం, అందుకే వడి. ఒక్కోసారి సెకనుకి 2 మీటర్లు! ఒలింపిక్ ఈతగాడైనా దానికి ఎదురీదలేక అలిసిపోతాడు. పైకి ఎలా కనిపిస్తుందనుకున్నారు? రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ముదురు రంగులో, ప్రశాంతంగా! తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు.

చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదొద్దు. ఆ ప్రవాహం అడుక్కి ముంచదు, దూరం తీసుకుపోతుందంతే. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరిగే చోటునుంచి బయటికి రండి. తేలడానికి ఆ నీళ్ళు కాస్త సాయపడతాయి కూడా. మహాసముద్రాల్లో ఉప్పు సగటున కిలో నీటికి 35 గ్రాములైతే, అక్కడ సుమారు 39.

దక్షిణ తీరం గురించే నాకు ఎక్కువ బెంగ. దీవి మధ్యలో 2,400 మీటర్లు దాటిన కొండలున్నాయి. అదే ఉత్తరగాలి వాటిని దాటి, లోయల్లోంచి విసురుగా దిగి, ఒడ్డుమీంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు దగ్గర అలే ఉండదు. పిల్లలు గాలిపరుపు వేసుకుని హాయిగా పడుకుంటారు. చూస్తుండగానే అది లోతుల్లోకి సాగిపోతుంది. ఒట్టి పరుపు కొట్టుకుపోతే పోనివ్వండి, దాని వెంట ఈదకండి. దానిమీద ఉండగానే కొట్టుకుపోతే మాత్రం వదలకండి, అదే మిమ్మల్ని తేలుస్తుంది. అసలు గాలి వీచే రోజు ఆ పరుపు తియ్యనే వద్దు.

ఎర్రజెండా కనబడితే మోకాలి లోతుకైనా దిగకండి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకేయకుండా లైఫ్‌గార్డును కేకేయండి, తేలే వస్తువేదైనా విసరండి. గ్రీసులోనే కాదు, యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటా ఆపద నంబరు 112. ఇప్పుడే ఫోన్లలో రాసి పెట్టుకోండి.