పాతిక గొంతుల్లో ఒక అపశ్రుతి

అవనిగడ్డ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. చిన్నప్పుడు బడిలో ప్రార్థన పాడేటప్పుడు "నువ్వు పెదాలు కదిపితే చాలు" అన్నారట టీచరు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆవిడ పదిమందిలో నోరు విప్పలేదు. ఇప్పుడు వాళ్ల వీధి రామమందిరంలో భజనకి రమ్మంటున్నారు. "నా అపశ్రుతి వల్ల అందరి పాటా చెడదా?" అని అడిగారు.

చెడదు. అలా ఎందుకంటున్నానో చెప్పడానికి సంచిక మొత్తం ఇచ్చినా నాకు చాలదు.

గాలి సెకనుకి 200 సార్లు కంపిస్తే 200 హెర్ట్జ్ అంటాం. కంపనాలు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. ఇంతవరకు తెలిస్తే చాలు, అసలు సంగతికి వద్దాం.

తంబురా శ్రుతి చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని విన్నారా? మధ్యనున్న రెండు సారణి తీగలూ ఒకే షడ్జమం పలకాలి. ఒకటి 200 దగ్గర, రెండోది 203 దగ్గర ఉంటే నాదం సెకనుకి మూడుసార్లు ఉబ్బి తగ్గుతుంది. పూస జరిపేకొద్దీ ఆ ఊపు నెమ్మదించి, నెమ్మదించి, ఒక్కసారిగా నిలబడిపోతుంది. భౌతికశాస్త్రం పుస్తకంలో విస్పందనాలని చదువుకున్నది దీన్నే.

ఇద్దరు కలిసి పాడినా ఇదే జరుగుతుంది. ఆ మూడు హెర్ట్జ్‌ల తేడా సకీ శుద్ధ రికీ మధ్య దూరంలో పావువంతు, చెవి ఇట్టే పట్టేస్తుంది. అదే పాతికమంది పాడితే? ఇద్దరేసి చొప్పున లెక్కేస్తే 300 జంటలు. ఒక్కో జంట ఊపు ఒక్కో వేగంలో ఉంటుంది. పైగా ఎవరి గొంతూ ఒకచోట నిలవదు, క్షణక్షణం కాస్త అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. ఇన్ని ఊపుల్లో ఏ ఒక్కదాన్నీ చెవి విడదీయలేదు. అవన్నీ కలగలిసి బృందగానానికి ఆ నిండుదనాన్ని ఇస్తాయి. ఒకే గొంతుని కంప్యూటర్లో పాతికసార్లు అచ్చుగుద్ది ఒకదానిమీద ఒకటి పేర్చి చూడండి. ఒకరే గట్టిగా పాడినట్టుంటుంది తప్ప భజనలా ఉండదు. శిక్షణ పొందిన బృందాల్లో కూడా గొంతులు ఒకే గీతమీద ఉండవని స్వీడన్‌ శాస్త్రవేత్త స్టెన్ టెర్న్‌స్ట్రోమ్ కొలిచి చూపించారు.

ఇంకో సంగతి. తప్పులు కొందరివి పైకి, కొందరివి కిందికి పోతే సగటులో చాలావరకు కొట్టుకుపోతాయి. పాతికమంది ఉంటే సగటులో మిగిలే తప్పు ఒక్క మనిషి తప్పులో దాదాపు ఐదోవంతే. అయితే అందరూ కలిసి కిందికి జారితే ఏ సగటూ కాపాడలేదు. హార్మోనియం పెట్టె పక్కన ఉండాల్సింది అందుకే.

శ్రుతిజ్ఞానం లేనివాళ్ల లెక్కలో శాస్త్రజ్ఞులే పొరబడ్డారు. స్వరాల తేడా పుట్టుకతోనే పట్టనివాళ్లు నూటికి నలుగురని 1980లో కాల్మస్, ఫ్రై తేల్చారు. ఆ నాలుగు శాతమే ఏళ్లతరబడి చలామణీ అయింది. 2017లో పెరెట్జ్, వువాన్ చాలా ఎక్కువమందిని పరీక్షిస్తే ఒకటిన్నర శాతమే తేలింది. 2007లో దల్లా బెల్లా బృందం మామూలు మనుషుల చేత తెలిసిన పాటే పాడించింది. ఎక్కువమంది శ్రుతిలోనే పాడారు. తప్పులకి పెద్ద కారణం తొందర. నెమ్మదిగా పాడించగానే అవి తగ్గిపోయాయి.

కలిసి పాడితే ఊపిరితోపాటు గుండెల వేగం కూడా ఒకే తీరున హెచ్చుతగ్గులవుతుందని 2013లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు చూపించారు. ఆరోగ్యం కోసం పాడండి అనేవాళ్లకి అది ఆధారం కావచ్చు గానీ, నాకు పాటే చాలు. నా బాధల్లా మైకు గురించి. భజన నడిపే గురువుగారి ముందు ఒక్క మైకు పెట్టి గుడిమీది లౌడ్‌స్పీకర్లో వదిలితే ఊరికి వినపడేది ఆయనదీ, పక్కనున్నవాళ్లదీ ఒకటి రెండు గొంతులే. పాతికమంది కలిసి అల్లిన ఆ నాదం మందిరం గోడల మధ్యే ఉండిపోతుంది.

దివిసీమ పల్లెల్లో రాత్రీపగలూ ఆగకుండా సాగే ఏకాహం భజన జరిగినా, బందరులో క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగి పాడినా గొంతు పరీక్ష పెట్టి చేర్చుకోరు. అమ్మా, మీరు ముందు సాయంత్రం భజనకి వెళ్లండి, మందిరం నిండుగా ఉంటుంది. పెట్టెకి దగ్గర్లో, రెండో వరసలో కూర్చోండి. పక్కవాళ్ల గొంతుకంటే మీ గొంతు మీకు పిసరంత ఎక్కువ వినిపించేలా పాడండి. ఏకాహంలో తెల్లవారుజాము మూడింటికి నలుగురే మిగులుతారు. నలుగురిలో తప్పు సగానికే తగ్గుతుంది, ఐదో గొంతు అవసరం పడేది అప్పుడే. ఆ వంతుకి వచ్చే ఏడాది పేరివ్వండి.