ఫ్యూజు తావలో వెండి కాగితం పెట్టినా, కారు కాలబోయింది

మాది ఆత్మకూరు. కారు బాడుగకి తోల్తా బతుకుతా ఉండా. బాడుగ పిలుపు ఫోన్లోనే, దారి ఫోన్లోనే, డబ్బులూ ఫోన్లోనే. ఆ ఫోన్‌కి కూడు పెట్టేది గేరు రాడ్డు ముందర ఉండే సిగరెట్ లైటర్ సాకెట్. దాంతో సిగరెట్ ముట్టించేవాళ్లు ఇప్పుడు లేకపోయినా పేరు అదే మిగిలింది.

పోయిన ఎండాకాలం ఒక రాత్రి ఉదయగిరి నుంచి నెల్లూరు ఆసుపత్రికి ఒక పెద్దామెను తీసకపోతా ఉండా. సంగం ఇవతల టైర్లో గాలి తగ్గింది. బండి ఆపి, సాకెట్‌కి గాలి పంపు తగిలించినా. నిమిషానికే ఆగిపోయింది. చూస్తే ఫ్యూజు పోయింది, వేరే ఫ్యూజు లేదు. ఎవురో చెప్పిన ఉపాయం గుర్తొచ్చి, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం మడిచి ఫ్యూజు తావలో దూర్చినా. పంపు ఆడింది. గాలి నిండకముందే డ్యాష్‌బోర్డులోంచి ప్లాస్టిక్ కాలే వాసన, ఎనకే పొగ. ప్లగ్గు పీకి, పరిగెత్తి బ్యాటరీ తీగ ఊడబెరికినా. పెద్దామెను ఇంకో బండి ఎక్కించి పంపినా.

తెల్లారి మెకానిక్ విప్పి చూపించినాడు. పంపు మోటారు పట్టేసి దండిగా కరెంటు లాగింది. ఫ్యూజు తన పని తాను చేసి చచ్చిపోయింది. కావలోడు అరిస్తే వాడి నోరు మూసినోణ్ణి నేనే. అందుకే ఈ నాలుగు మాటలు.

లెక్క చిన్నది. కారులో కరెంటు 12 వోల్టులు. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. సాకెట్ మీద 120 వాట్లని రాసుంటే 10 ఆంపియర్ల దాకానే. 150 వాట్ల ఇన్వర్టర్ పెడితే పన్నెండున్నర దాటుద్ది. ఒక సాకెట్‌కి మూడు ప్లగ్గులు తగిలించినా తీగ ఒకటే కదబ్బా, బరువంతా దానిమీదే. ఫ్యూజు రంగు చూస్తే తెలిసిపోద్ది: ఎరుపు 10, నీలం 15, పసుపు 20. పోయిన రంగే మళ్లీ వెయ్యాల. పెద్దది వేస్తే ఫ్యూజు బతుకుద్ది, తీగ కాలుద్ది.

సాకెట్ పనిచేయకుంటే గమ్మున విప్పబాకండి. ముందు తాళం తిప్పి చూడండి, కొన్ని కార్లలో తాళం తిప్పితేనే కరెంటు వస్తాది. ఇంకో ఛార్జర్ పెట్టి చూడండి. తాళం ఆపి, టార్చి కొట్టి లోపల చూడండి. రూపాయి బిళ్ల పడుంటే మధ్య పిన్నూ పక్క గోడా కలిసిపోయి ఫ్యూజు పోతాది. ఆ బిళ్లని స్క్రూడ్రైవర్‌తో కెలకబాకండి, ఫ్యూజు పీకినాకే తియ్యండి.

ఫ్యూజు బాగుంటే టెస్ట్ లాంప్ తీసుకోండి. మధ్య పిన్ను ప్లస్, చుట్టూ ఉండే గోడ మైనస్. రెండిటికీ పెడితే వెలిగిందా, కరెంటు వస్తా ఉన్నట్టే. సాకెట్ లోపలి పట్టు వదులై ప్లగ్గు అంటుకోవడంలేదు, సాకెట్ మార్చాల. వెలగలేదా, క్లిప్పు బాడీ ఇనుముకి పెట్టి, మొన మధ్య పిన్నుకి తగిలించండి. ఇప్పుడు వెలిగితే మైనస్ తీగ తెగిందో, వదులైందో. అప్పుడూ వెలగకుంటే ప్లస్ తీగలో చూడాల.

మార్చేటప్పుడు మొదట బ్యాటరీ మైనస్ తీగ తియ్యండి. ప్యానెల్ వదులు చేసి, ఎనక కనెక్టర్ పీకి, ఏ తీగ యాడుందో ఫోటో తీసుకోండి. లోపలి చెవులు నొక్కితే పాత సాకెట్ బయటికొస్తాది. అదే సైజు, అదే వాట్లది కొనండి. ప్లస్, మైనస్ తిరగబడితే ఛార్జర్ పోతాది. తీగ రంగు మారినా, కరిగినా మాత్రం మీరు చెయ్యబాకండి, తెలిసినోడి దగ్గరికి పోండి.

ఒకసారి పోయిన ఫ్యూజు మార్చండి. మార్చిన ఫ్యూజు మళ్లీ పోతే తప్పు ఇంకో తావ ఉందని అర్థం, దాన్ని ఎతకండి. ఇప్పుడు నా బండిలో పది ఫ్యూజులుండే చిన్న డబ్బా ఉంది. వెండి కాగితం మాత్రం లేదు.